ఓడెక్కిన తిథి

శివపార్వతి నుదుటి బొట్టు గురించి పాలెంలో ఏడేళ్ళుగా ఎవరో ఒకరు మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆమె భర్త శివరామకృష్ణ ఉన్నాడో పోయాడో ఎవరికీ తెలియదు. అయినా ఆ బొట్టు ఉంచాలా తీసెయ్యాలా అన్నది మాత్రం అందరికీ తెలుసు. పక్కవాళ్ళ నుదురు మీద పెట్టిన శ్రద్ధలో సగం సొంత మిరప తోటల మీద పెట్టి ఉంటే ఈ ఊరికి తామర పురుగు పీడ ఎప్పుడో వదిలేది.

పేరంటాలకి పిలిచేవాళ్ళు. పిలవకపోతే బాగుండదు కదా. తీరా వెళ్ళాక, కాళ్ళకి పసుపు రాసే ఆవిడ వరసగా ఒక్కొక్కరికీ రాసుకుంటూ వచ్చి శివపార్వతి దగ్గర ఒక్క క్షణం ఆగేది. రాస్తే ఏమవుతుందో, రాయకపోతే ఏమంటారో తెలియక గిన్నె పట్టుకుని దిక్కులు చూసేది. "నాకొద్దులే అమ్మాయ్, పసుపు పడటంలేదు, దురద" అని శివపార్వతే కాళ్ళు చీర కిందికి లాక్కునేది. అందరికీ ప్రాణం కుదుటపడేది. అలా నాలుగైదు పేరంటాలు అయ్యాక ఆమె వెళ్ళడం మానేసింది. వాళ్ళూ ఎందుకు రాలేదని అడగలేదు.

శివరామకృష్ణ వెళ్ళిపోయిన రోజు గురించి చెప్పడానికి ఏమీ లేదు. అసలు కష్టం అదే. ముందురోజు గొడవ పడలేదు. చీటీ రాసి పెట్టలేదు. పురుగుమందు డబ్బాలు కొట్టంలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మార్చి నెల, ఎండ ముదరకముందే మిరపకాయలు తొక్కి నింపిన గోనె టిక్కీలు లారీకెత్తించి గుంటూరు యార్డుకి వెళ్ళాడు. సరుకు అమ్మాడు. అమ్మకం లెక్క రాసిన పట్టీ కాగితం లారీ డ్రైవరు మీరావలి చేతిలో పెట్టి ఇంట్లో ఇవ్వమన్నాడు. "నువ్వు రావా అన్నా?" అని మీరావలి అడిగితే, "టీ తాగి బస్సులో వస్తాలేరా" అన్నాడు. ఫోను పొద్దున్నే ఇంట్లో చార్జింగుకి పెట్టి మర్చిపోయాడు. అంతే. ఆ టీ ఏడేళ్ళయినా అవలేదు.

పిడుగురాళ్లలో సున్నం బట్టీల దగ్గర చూశామని ఎవరో చెప్పారు. శివపార్వతి మరిదిని వెంటబెట్టుకుని వెళ్ళింది. బట్టీల దగ్గర పనిచేసే మగవాళ్ళందరి ముఖాలూ తెల్లగా ఒకే మాదిరి ఉన్నాయి. ఒక్కొక్కరి ముందూ నిలబడి కళ్ళలోకి చూసింది. వాళ్ళకీ ఇలాంటి ఆడవాళ్ళు కొత్త కాదేమో, ఒకతను తానే తుండుతో ముఖం తుడుచుకుని చూపించాడు. చీమకుర్తిలో గ్రానైటు లారీల మీద క్లీనరుగా ఉన్నాడని ఇంకెవరో అన్నారు. ఆమె పుట్టిల్లు ఆ పక్క ఊరే. రాళ్ళ లారీల దుమ్ములో పెరిగిన పిల్ల, పదో తరగతి పాసై పందొమ్మిదో ఏట పాలెం కోడలైంది. పుట్టింట్లో వారం ఉండి రోడ్డు మీద పోయే లారీలన్నీ చూసింది. ఎనిమిదో రోజున తిరిగొచ్చి గేదెకి మేత వేసింది.

ఆమె ఏడవలేదు. గుండె గట్టిది అన్నారు కొందరు, ఆవిడకి వేరే ఏదో తెలిసే ఉంటుంది అన్నారు ఇంకొందరు. నిజానికి ఆమె ఏడవడానికి సిద్ధంగానే ఉంది. ఏడవాలంటే ఒక కబురు కావాలి. పోయాడంటే పోయాడని ఏడుస్తుంది, ఎవరితోనో ఉన్నాడంటే అందుకు ఏడుస్తుంది. ఏ కబురూ రాకపోయేసరికి లోపల ఏదో గడ్డకట్టి అలాగే ఉండిపోయింది. కూతురు శ్రీరమ్య తాడేపల్లి నుంచి ఫోన్ చేసి "ఎలా ఉన్నావమ్మా?" అంటే, "గేదె ఈనింది" అనో, "కాయలు ఎండుతున్నాయి" అనో చెప్పేది. తన సంగతి ఏం చెప్పాలో తనకే తెలిసేది కాదు.

ఇలా ఏడేళ్ళు గడిచాక, ఈ ఏడు ఫిబ్రవరిలో, మరిది వీరాంజనేయులు కల్లంలోకి వచ్చాడు. కల్లమంటే ఎర్రమట్టి అలికి, పొలంలో కోసిన పండుకాయలు ఎండబోసిన చోటు. శివపార్వతి కాళ్ళతో కాయలు తిరగదోస్తోంది. ఆమె అత్త కోటమ్మ గొడుగు కింద కూర్చుని రంగు తేలిన తాలుకాయలు ఏరుతోంది. ఎనభై ఏడేళ్ళ మనిషి, చెవులు మాత్రం పదహారేళ్ళవి. గట్టు మీద కూలీల మేస్త్రి ఎలీసమ్మ కాఫీ తాగుతోంది.

వీరాంజనేయులు చెడ్డవాడు కాదు. అన్న కనపడకుండా పోయిన దగ్గర్నుంచీ వదిన పొలం దున్నించేదీ మందు కొట్టించేదీ అతనే. కాకపోతే ఏం మాట్లాడినా పక్క పొలానికి వినపడాల్సిందే.

"వదినా, ఒక మాట చెప్తా, కోప్పడొద్దు" అన్నాడు.

"చెప్పు."

"ఏడేళ్ళు నిండుతున్నాయి. స్టేషన్లో ఆచూకీ లేదని కాగితం ఇస్తామన్నారు. అయ్యవారిని కూడా అడిగా. మనిషి దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యొచ్చంట. పదకొండో రోజూ పన్నెండో రోజూ మామూలుగానే. చేసేద్దాం వదినా."

శివపార్వతి కాళ్ళు ఆగలేదు. కాయలు గలగలమంటున్నాయి.

"తొందరేమొచ్చింది?"

"అమ్మని చూడు. రేపేదన్నా అయితే కొరివి ఎవరు పెట్టాలి? పెద్దకొడుకు ఉన్నాడో లేడో తేలకుండా నేను పెడితే తప్పంటున్నారు. లేడని తేల్చకపోతే దానికీ దిక్కులేదు. నాకు మాత్రం అన్న కాదా? నేనేదో సరదాపడి అంటున్నానా?" గొంతు వణికింది. వణికినా పక్క పొలానికి వినపడింది. "అయినా మనింట్లో ఇది కొత్తా? బుల్లయ్య ముత్తాతకి చెయ్యలా? అండమాను పంపిస్తే ఆయన అక్కడే పోయాడు, మనవాళ్ళు శవం లేకుండానే ఇక్కడ చేసేశారు. ఏటా తద్దినం పెడతానే ఉన్నాంగా. ఏమైంది? వంశం నిలబడలా?"

శివపార్వతి అప్పుడు ఆగింది. తూర్పు వైపు, పొలం చివరన ఉన్న చిన్న మిట్ట వంక చూసింది. కూలీలందరూ దాన్ని బుల్లయ్య దిబ్బ అంటారు. ఆ దిబ్బ వైపు సాళ్ళు కోద్దాం, ఆ దిబ్బ దగ్గర సద్ది తిందాం అని అంటూనే ఉంటారు. ముప్పై ఆరేళ్ళుగా వింటోంది గానీ ఎప్పుడూ ఆలోచించలేదు.

"సముద్రం అవతల పోయినవాడి పేరు ఆ దిబ్బకెందుకుంది?" అంది.

"పొలం ఆయనది. ఏదో పెట్టుంటారు."

"మా నాయనమ్మ వేరే చెప్పేదండి" అంది గట్టు మీద నుంచి ఎలీసమ్మ. "అక్కడ పాక ఉండేదంట, పాకలో బుల్లయ్యగారు ఉండేవారంట. చెవి తమ్మె తెగి ఉండేదని కూడా చెప్పేది."

"నీ మొహం! మీ నాయనమ్మకేం తెలుసు?" అని కసిరాడు వీరాంజనేయులు. కోటమ్మ చేతిలో తాలుకాయ చేతిలోనే ఉంది. శివపార్వతి అది చూసింది.

"అత్తయ్యా, మీకేమన్నా తెలుసా?"

"నాకేం తెలుసే? నేను పుట్టకముందు సంగతులు" అని కోటమ్మ తల వంచుకుని మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.

శివపార్వతి కల్లం అంచుకి వచ్చి చెప్పులేసుకుంది. "ఆంజనేయులూ, తేలుద్దాం. బుల్లయ్య ముత్తాత అక్కడే పోయాడని తేలితే నువ్వు చెప్పినట్టే చెయ్యి, నేను అడ్డం రాను. గాజులు నేనే తీసిస్తా. తిరిగొచ్చాడని తేలితే మాత్రం ఈ మాట నా ముందు మళ్ళీ ఎత్తకు."

"మాట?"

"మాట."

వీరాంజనేయులు వెంటనే ఒప్పుకున్నాడు. నూరేళ్ళకి పైగా ఇంట్లో తద్దినం జరుగుతుంటే, ఆ మనిషి బతికొచ్చాడని ఎవరు తేలుస్తారు? మిగతా పని తొందరగా కానివ్వొచ్చని అతనికి ధీమా.

పేటలో ప్రేమదాసు మాస్టారి ఇల్లు ఎలీసమ్మే చూపించింది. ఆయన ఆమెకి మేనల్లుడు వరస. ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఆదివారం చర్చికి వెళ్ళడం, మిగతా ఆరు రోజులూ పాత కోర్టు కాగితాలు నకళ్ళు రాసుకోవడం, ఇదీ ఆయన జీవితం. గుంటూరు జిల్లా నుంచి ద్వీపాంతరం పోయినవాళ్ళ పేర్లు ఒక లాంగ్‌బుక్ నిండా రాసి పెట్టుకున్నాడు. ఎందుకంటే చెప్పలేడు. కొందరికి చేపలు పట్టడం ఉంటుంది, ఈయనకి ఇది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు.

"మా వారి ముత్తాత అండమాను నుంచి తిరిగొచ్చాడో లేదో కావాలండి."

ఇంతవరకూ ఆ ప్రశ్న ఆయన దగ్గరికి ఎవరూ తీసుకురాలేదు. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. పేరు అడిగాడు, తండ్రి పేరు అడిగాడు, ఊరు అడిగాడు. ఏ సంవత్సరమో ఆమెకి తెలియదు. "తద్దినం ఏ తిథికి పెడతారు?" అన్నాడు. జ్యేష్ఠ బహుళ షష్ఠి అని చెప్పింది. ఆయన అది కూడా రాసుకున్నాడు.

"మీకెందుకమ్మా ఇది?" అని వెళ్ళేటప్పుడు అడిగాడు.

"మా ఆయన కనపడటంలేదండి" అంది శివపార్వతి. ఆ రెండింటికీ ఏం సంబంధమో ఆమె చెప్పలేదు, ఆయనా అడగలేదు. మంచి మనిషి.

మూడు నెలలు పట్టింది. మాస్టారు చెన్నైకి రాశాడు, పోర్ట్‌బ్లెయిర్‌కి రాశాడు, ఆయన పాత శిష్యులెవరో ఫోన్లో ఫోటోలు తీసి పంపారు. ఈలోగా కాయ బస్తాల్లోకి తొక్కడం అయింది, టిక్కీలు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాయి, పొలం ఖాళీ అయింది. మే నెలాఖరున రమ్మని ఫోన్ చేశాడు.

శివపార్వతి వెళ్ళేసరికి టేబుల్ మీద కాగితాలు వరసగా పరిచి ఉన్నాయి. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్పాడు. 1908లో గట్టు తగాదాలో బుల్లయ్య పక్క పొలం మనిషిని పలుగుతో కొట్టాడు. ఒక్క దెబ్బే. మనిషి పోయాడు. యావజ్జీవ ద్వీపాంతర శిక్ష. వయసు ఇరవై ఆరు. గుర్తులు, ఎడమ చెవి తమ్మె తెగి ఉంది. అక్కడ మొదట కొబ్బరి పీచు దంచే పని, తర్వాత చెట్లు కొట్టే పని, చివరికి గొడ్లు కాసే పని. ఇరవై ఏళ్ళలో ఒక్క మాట కూడా పడలేదు.

"ఇది చూడండి" అని చివరి కాగితం ముందుకి జరిపాడు. "1928లో వదిలేశారు. అక్కడే భూమి ఇస్తాం, ఉంటావా అని అడిగారు. చాలామంది ఉండిపోయారు. ఇక్కడ ఏం రాశారో చూడండి. ఎక్కడికి పోతావు అన్నదానికి, ఇంటికి అని చెప్పాడు. మద్రాసు ఓడ ఎక్కించారు, అక్కణ్ణుంచి రైలు టిక్కెట్టు ఇచ్చారు. గుంటూరులో పోలీసుల దగ్గర హాజరు వేయించుకున్నాడు. వచ్చాడమ్మా. నిక్షేపంగా వచ్చాడు."

"మరి తద్దినం?"

మాస్టారు పంచాంగం లెక్క రాసుకున్న కాగితం తీశాడు. "అది నాకూ తిక్కగానే అనిపించింది. ఆయన్ని మద్రాసు రేవులో ఓడెక్కించింది 1908 జూన్ పందొమ్మిదిన. ఆ రోజు తిథి చూస్తే జ్యేష్ఠ బహుళ షష్ఠి. మీవాళ్ళు తద్దినం పెడుతున్నది ఆయన పోయిన రోజుకి కాదమ్మా. ఓడెక్కిన రోజుకి."

మాస్టారు ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో ఒకటి అంటుందనుకున్నాడు. ఆమెకీ ఏదో అనాలనే ఉంది. మూడు నెలలుగా ఈ కాగితం కోసమే కదా ఎదురుచూసింది. గెలిచింది కూడా. లోపల వెతుక్కుంటే సంతోషం ఎక్కడా తగల్లేదు. ఆయన్ని నిరాశపెట్టడం ఎందుకని, "కాసిని మంచినీళ్ళు ఇప్పించండి" అంది.

సాయంత్రం జిరాక్సు కాగితాలు వీరాంజనేయులు చేతిలో పెట్టింది. అతను అరుగు మీద కూర్చుని మాస్టారు తెలుగులో రాసిచ్చింది పైకి చదివాడు. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాడు. ఆ గొంతు తగ్గడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఎడమ చెవి తమ్మె దగ్గర ఒకసారి ఆగి వదిన వంక చూశాడు.

అప్పుడు నులకమంచం మీద నుంచి కోటమ్మ లేచి కూర్చుంది. "చాల్లే, ఆపు. ఇంకేం చదువుతావు" అంది. "వచ్చాడు. మా అత్త కళ్ళారా చూసింది."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"మా అత్త కొత్తగా కాపురానికొచ్చిన రోజులంట. మిట్టమధ్యాహ్నం ఎవడో గడ్డపాయన వాకిట్లో నిలబడి, మంగమ్మా అని పిలిచాడంట. మంగమ్మంటే ఆయన భార్య. ఇరవై ఏళ్ళ కిందటే ఆవిడ గాజులు తీసేశారు. ఓడెక్కినవాడు పోయినవాడి కిందే లెక్క అని, ఊళ్ళో తలెత్తుకోలేక ఆయన అన్నగారే అన్నీ చేయించేశాడు. ఆవిడకప్పుడు ఇరవై ఏళ్ళు, చంకలో ఏడాది పిల్లాడు. మళ్ళీ ఈయన వాకిట్లోకొచ్చి పేరు పెట్టి పిలుస్తుంటే ఏం చేస్తుంది? వంటింట్లోంచి బయటికే రాలేదంట."

"ఇంట్లోకి రానివ్వలేదా?" అన్నాడు వీరాంజనేయులు.

"కర్మ చేసినవాణ్ణి ఎలా రానిస్తార్రా? దానికీ ఏదో దారి ఉందంట. మళ్ళీ పుట్టినట్టు నీళ్ళ కాగులో కూర్చోబెట్టి, బారసాల చేసి, ఆ పెళ్ళాన్నే మళ్ళీ ఇచ్చి పెళ్ళి చెయ్యాలంట. అప్పటికే కొడుక్కి పెళ్ళయి మా అత్త కోడలుగా వచ్చింది. ఆ వయసులో తాళి కట్టించుకుంటే జనం నవ్వరా అని మగవాళ్ళందరూ కూర్చుని వద్దనుకున్నారు. మంగమ్మని ఎవరూ అడగలా. పొలంలో పాక వేసిచ్చారు. పధ్నాలుగేళ్ళు అందులోనే ఉన్నాడు. ఇక్కణ్ణుంచి అన్నం వెళ్ళేది."

"ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదా అత్తయ్యా?" అంది శివపార్వతి.

"కోతలప్పుడు ఆవిడ కూలోళ్ళతో కలిసి వెళ్ళేదంట. ఆ చివర నుంచి ఆయన సాలు పట్టేవాడు, ఈ చివర నుంచి అదే సాలు ఈవిడ పట్టేది. కోసుకుంటూ కోసుకుంటూ దగ్గరికొచ్చేవాళ్ళు. ఇంక నాలుగు చెట్లు ఉన్నాయనగా ఆయన లేచి దిబ్బ మీదికి పోయేవాడంట. ఆ నాలుగు చెట్లూ ఈవిడే కోసుకునేది." కోటమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "తద్దినం రోజు మాత్రం దొడ్లోకి రానిచ్చేవాళ్ళు. కాకికి పెట్టిన ఆకు పక్కన ఇంకో ఆకు వేసేవాళ్ళు. తన తద్దినం భోజనం తనే తినేవాడు. మా అత్త వడ్డించేది. మంగమ్మ తలుపు చాటున నిలబడి, ఇంకో గారె వెయ్యమని చేత్తో సైగ చేసేదంట."

దొడ్లో గేదె తల విదిలిస్తే మెడలో గంట మోగింది.

"ఎప్పుడు పోయాడు?" అన్నాడు వీరాంజనేయులు.

"తెలీదు. పాకలోనే పోయాడు, ఆ దిబ్బ పక్కనే కాల్చారు. అన్నీ ముందే చేశారు కదా, రెండోసారి చెయ్యకూడదన్నారు. పదో రోజు లేదు, పెద్దకర్మ లేదు. ఏ నెలో కూడా ఎవరూ గుర్తుపెట్టుకోలా. బయట ఎవరికీ చెప్పొద్దని మంగమ్మ మా అత్త దగ్గర మాట తీసుకుంది, మా అత్త నా దగ్గర తీసుకుంది. బతికున్నవాణ్ణి బయట పెట్టుకున్నామని ఏం మొహం పెట్టుకుని చెప్తాం?"

వీరాంజనేయులు కాగితాలు మడిచి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "మాటంటే మాటే వదినా. నేనిక ఎత్తను" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, ఉండబట్టలేక, "కానీ వచ్చి ఏం బాగుపడ్డాడు చెప్పు? రాకుండా అక్కడే ఉండి ఉంటే ఆయనకి భూమన్నా దక్కేది, ఈవిడకి మనశ్శాంతన్నా ఉండేది" అన్నాడు.

శివపార్వతికి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండుననిపించింది. "ఆయన రావడంలో తప్పేముంది? మనమే తొందరపడ్డాం. రేపు నువ్వు దర్భ బొమ్మ కాల్చాక మీ అన్న బస్సు దిగి వచ్చాడనుకో. ఇంట్లోకి రానిస్తావా?"

"రానివ్వక! అన్నని రానివ్వక చస్తానా?" అని మళ్ళీ పాత గొంతుతో అరిచాడు.

"ఆయన వస్తే నేను ఎదురెళ్ళొచ్చా?"

వీరాంజనేయులు నోరు తెరిచాడు. అయ్యవారు ఏమంటాడో, ఊళ్ళో ఏమంటారో, తన పెళ్ళాం ఏమంటుందో అన్నీ ఒక్కసారే గుర్తొచ్చినట్టున్నాయి. లేచి చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు. కాగితాలు తనతోనే తీసుకెళ్ళాడు.

ఆ తర్వాత రెండు వారాలు అతను ఇటు రాలేదు. పత్తి గింజలు తెచ్చి పెట్టుకుని ఊరంతా వాన కోసం చూస్తోంది. శివపార్వతి మామూలుగా పాలు పితికింది, అత్తకి నీళ్ళు తోడింది, పొద్దున్నే అద్దం ముందు బొట్టు పెట్టుకుంది. ఆ బొట్టుకి ఇప్పుడు కాగితం ఆధారం ఉంది. అయినా పెట్టుకునేటప్పుడు ఏ తేడా తెలియలేదు.

జ్యేష్ఠ బహుళ షష్ఠి వచ్చింది. ఏటా ఆ రోజు వీరాంజనేయులు తలస్నానం చేసి, బియ్యం, పప్పు, కూరగాయలు పళ్ళెంలో పెట్టి అయ్యవారికి స్వయంపాకం ఇస్తాడు. శివపార్వతి గారెలు వండుతుంది. దొడ్డిగోడ మీద కాకికి ఆకు పెడతారు. ఏడేళ్ళ కిందటి వరకూ ఆ పళ్ళెం పట్టుకున్నది శివరామకృష్ణ. ఆమె మినప్పప్పు నానబోసి సిద్ధంగా ఉంది.

వీరాంజనేయులు తలస్నానం చెయ్యకుండా, మామూలు చొక్కాతో, చేతిలో సంచితో వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, నేను తద్దినం పెట్టను" అన్నాడు. మెల్లగా అన్నాడు. "ఈ రోజు ముత్తాత బతికే ఉన్నాడు. ఓడలో కూర్చుని ఉన్నాడు. బతికున్నవాడికి నేను ఏడేళ్ళు పెట్టాను, అన్నయ్య అన్నేళ్ళు పెట్టాడు. ఇక నా వల్ల కాదు. అయ్యవారికి చెప్పేశా."

మంచం మీద కోటమ్మ వాళ్ళ వైపు తిరిగింది.

"మరి పప్పు నానబోశానే" అంది శివపార్వతి.

"వంట మానొద్దు. అందరం ఇక్కడే తిందాం, ఇంట్లోవాళ్ళని కూడా రమ్మన్నా. ఇదుగో, కూరలు తెచ్చా. అన్నయ్యకి ఇష్టమైనది చెయ్యి వదినా. ఆయన పేరు చెప్పుకుని తిందాం. బతికున్నవాడి పేరు చెప్పుకున్నట్టు."

సంచి తీసుకుని ఆమె వంటింట్లోకి వెళ్ళింది. పీట మీద కూర్చుని కూరలన్నీ నేల మీద పోసింది. వంకాయలు ఉన్నాయి, దోసకాయ ఉంది, గోంగూర కట్టలు రెండు, బెండకాయలు, ఒక చిన్న గుమ్మడి ముక్క. ఆయనకి ఇష్టమైనది ఏదా అని చూసింది. వంకాయ పక్కకి తీసింది, మళ్ళీ వెనక్కి పెట్టింది. గోంగూర ఇష్టమనుకుంది, కాదు, గోంగూర ఆంజనేయులికి. దోసకాయ పప్పు శ్రీరమ్యకి. బెండకాయ తన పుట్టింట్లో నాన్నకి. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ మనిషికి మూడు పూటలా వండిపెట్టింది. గిన్నె ముందు కూర్చున్న ఆయన భుజాలు కనపడుతున్నాయి, కంచంలో వేళ్ళు కనపడుతున్నాయి. ఏం తింటున్నాడో కనపడటంలేదు.

లేచి గుమ్మంలోకి వచ్చింది.

"అత్తయ్యా, ఆయనకి ఏం కూర ఇష్టం?"

కోటమ్మ ఆలోచించింది. కన్నతల్లి, నోట్లో ముద్దలు పెట్టి పెంచిన మనిషి, చాలాసేపు ఆలోచించింది. వీరాంజనేయులు కూడా ఆలోచిస్తున్నాడు, అతని పెదవులు కదులుతున్నాయి.

"వాడికి ఇదని ఏముందే పార్వతీ" అంది చివరికి. "ఏది పెడితే అది తినేవాడు. ఇంకొంచెం వెయ్యమని కూడా అడిగేవాడు కాదు."

శివపార్వతి గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది. చేతిలో వంకాయ ఉంది. ముందు గొంతులో ఏదో చప్పుడు వచ్చింది, అది తనదేనని ఆమెకి వెంటనే తెలియలేదు. ఆ తర్వాత అక్కడే, గడప మీద కూలబడి, ఏడేళ్ళుగా దాచి ఉంచినదంతా ఊరు వినేటట్టు ఏడ్చింది. వీరాంజనేయులు ఏం చెయ్యాలో తెలియక నేల మీద పరిచిన కూరలన్నీ ఒక్కొక్కటే ఏరి మళ్ళీ సంచిలో వేశాడు, మళ్ళీ బయటికి తీశాడు. కోటమ్మ మంచం దిగి, గోడ పట్టుకుంటూ వచ్చి, కోడలి పక్కన కూర్చుంది.

ఆ రోజు వాళ్ళు అన్ని కూరలూ వండారు.